గుర్రం కుంటుతోందా? ముందు గిట్ట ఎత్తి చూడండి

గుర్రం కుంటుతోందని ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది నాతో అనే మొదటి మాట, "డాక్టరు గారూ, జబ్బ పట్టేసింది." పెళ్ళిళ్ళకు గుర్రాన్ని తిప్పేవాళ్ళదీ ఇదే మాట, పిల్లలకు రైడింగ్ నేర్పేవాళ్ళదీ ఇదే మాట. వెళ్ళి చూస్తే జబ్బ శుభ్రంగా ఉంటుంది. అప్పటికే దానికి ఆవనూనె మర్దనలు, వేడి కాపడాలు అయిపోయి ఉంటాయి. నొప్పి మాత్రం కింద గిట్టలో ఉంటుంది.

ముందుకాలు కుంటుతున్న గుర్రాల్లో ఎక్కువ వాటికి కారణం గిట్టలోనే దొరుకుతుంది. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే ఉంటుంది. 400 కిలోల గుర్రం ఊరికే నిలబడితేనే రెండు ముందు గిట్టలూ కలిసి 240 కిలోలు మోస్తాయి. దౌడు తీసేటప్పుడు ఒక్క ముందుకాలి మీదే గుర్రం మొత్తం బరువుకు రెండు రెట్లకు పైగా పడుతుంది. అంత భారం మోసే చోటును మనం రోజూ చూడకపోతే ఇంకేం చూసినట్టు?

నేను హైదరాబాద్‌లో పశువైద్యం చేస్తాను. పాతబస్తీ వైపు బరాత్ గుర్రాలు, ఊరి చివర రైడింగ్ స్కూళ్ళ గుర్రాలు, మలక్‌పేట రేసుల్లో పరుగెత్తి రిటైరై బయటికొచ్చిన థారోబ్రెడ్‌లు, వీటి మధ్యే నా పని. ఇక్కడ రాస్తున్నది గుర్రాన్ని పెంచుకునేవాళ్ళకు, వాటిని చూసుకునే సాయీసులకు. ఇది చదివి మీరే వైద్యం చేసేయమని కాదు. డాక్టరు వచ్చేలోపు ఏం చూడాలి, ఏం చేయాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు అన్నది తెలిస్తే సగం గుర్రాలు సకాలంలో బాగుపడతాయని నా నమ్మకం.

రోజూ చేతికి తెలియాల్సిన సంగతులు

పొద్దున దాణా పెట్టకముందు నాలుగు గిట్టలూ ఎత్తి, గిట్ట గీకే కొక్కెంతో అడుగు శుభ్రం చేయండి. మడమ వైపు నుంచి ముని వైపుకు, అంటే గిట్ట ముందు కొస వైపుకు గీకాలి. అడుగున మధ్యలో త్రికోణంలా, రబ్బరులా మెత్తగా ఉండే భాగాన్ని ఫ్రాగ్ అంటాం. దాని పక్కల గాడుల్లో రాళ్ళు, గాజు పెంకులు, మేకులు ఇరుక్కుంటాయి. పెళ్ళి ఊరేగింపు అయిపోయి వచ్చిన రాత్రి మాత్రం పొద్దుటిదాకా ఆగొద్దు. మండపాల దగ్గర టెంట్ల మేకులు, పగిలిన సీసాలు ఎక్కువ. గుర్రం దిగి వచ్చిన వెంటనే గిట్టలు చూడాలి.

తర్వాత కాలిని మోకాలి కింద నుంచి గిట్ట దాకా చేత్తో నిమరండి. ఎడమ కాలు, కుడి కాలు ఒకేలా ఉన్నాయా? ఒకటి వేడిగా ఉందా? వాపుందా? రోజూ నిమిరే చెయ్యికి తేడా వెంటనే తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారి నిమిరితే ఏదీ తెలియదు.

ఇప్పుడు అన్నిటికంటే పనికొచ్చే విద్య ఒకటి చెప్తాను. గిట్టకు పైన ఉండే గుండ్రటి కీలు, ఫెట్‌లాక్ అంటాం కదా, దాని వెనక పక్క రెండు వైపులా చిన్న ఎముకలు ఉబ్బెత్తుగా తగులుతాయి. ఆ ఎముకల మీదుగా నరమూ రక్తనాళాలూ కలిసి ఒక సన్నటి తాడులా కిందికి దిగుతాయి. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు రెండో పక్క పెట్టి తేలిగ్గా ఆనించండి. గట్టిగా నొక్కితే నాడి ఆగిపోతుంది, ఏమీ తెలియదు. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఈ నాడి చాలా మెల్లగా అందుతుంది, ఒక్కోసారి వెతుక్కోవాలి కూడా. వేలికి తగలగానే టక్ టక్ అని కొట్టుకుంటోందంటే ఆ గిట్ట లోపల ఏదో మండుతోందన్నమాట. గుర్రం బాగున్న రోజుల్లో నాలుగు కాళ్ళకూ ఈ నాడి చూసి అలవాటు చేసుకోండి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియకపోతే బాగోలేనప్పుడు తేడా పట్టుకోలేం. నా దగ్గరికి వచ్చే కుర్ర సాయీసులకు నేను మొదట నేర్పేది ఇదే. మందుల పేర్లు తర్వాత.

ఇంట్లో ఒక థర్మామీటరు కూడా ఉంచండి. పెద్ద గుర్రానికి మామూలు వేడి 99 నుంచి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్. గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఏ పనీ లేకుండా నిలబడి ఉన్న గుర్రానికి గుండె 60 దాటి కొట్టుకుంటోందంటే అది బాధలో ఉందనే అనుకోవాలి.

ఏ కాలు?

నడకలో చిన్న కుంటు కనిపించదు. గుర్రాన్ని ట్రాట్ చేయించాలి, అంటే నడకకూ దౌడుకూ మధ్య ఉండే చిన్న పరుగు. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి, లయ సమంగా ఉంటుంది కాబట్టి తేడా ఉంటే బయటపడుతుంది. చదునుగా, గట్టిగా ఉన్న నేల కావాలి. సిమెంటు దారైతే మరీ మంచిది, గిట్టల చప్పుడు కూడా వినపడుతుంది. తాడు వదులుగా పట్టుకుని పరుగెత్తమనండి. సాయీసు తలను బిగించి పట్టుకుంటే మనకు కావలసిన సంగతే కనపడదు.

గుర్రం మీ వైపు వస్తున్నప్పుడు తల చూడండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు ఆనేటప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, ఆ కాలి మీద బరువు తగ్గించుకోడానికి. బాగున్న కాలు ఆనినప్పుడు తల కిందికి దిగుతుంది. చాలామంది దీన్ని తారుమారుగా అర్థం చేసుకుంటారు. తల వంగిన వైపు కాలే చెడ్డదనుకుని, బాగున్న కాలికి కట్టు కట్టి మందు రాస్తుంటారు. తల దిగింది మంచి కాలి మీద. ఇది గుర్తుపెట్టుకోండి.

వెనక కాళ్ళకు గుర్రం మీ నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు తుంటి ఎముకలు చూడాలి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా ఎగిరిపడుతుంది. రెండు తుంటి ఎముకల మీదా తెల్ల టేపు ముక్కలు అంటించి చూస్తే పట్టుకోవడం సులభం. ఇక్కడ ఒక మెలిక ఉంది. వెనక కాలి నొప్పి గట్టిగా ఉంటే తల కూడా ఊగుతుంది, అదే వైపు ముందుకాలు కుంటుతున్నట్టు కనిపిస్తుంది. ఎడమ వెనక కాలి జబ్బుకు ఎడమ ముందుకాలికి వైద్యం జరిగిన గుర్రాలను చూశాను. అందుకే తల ఊగుతోంది అనగానే ఆగిపోకుండా వెనక వైపు కూడా చూడాలి.

రెండు ముందుకాళ్ళూ ఒకే రకంగా నొప్పిగా ఉంటే తల అసలు ఊగదు. అడుగులు పొట్టిగా పడతాయి, గుర్రం బిగుసుకుపోయినట్టు నడుస్తుంది. "ఈ మధ్య బద్ధకం చేస్తోంది, కొడితేగానీ కదలట్లేదు" అని చెప్పే గుర్రాల్లో ఇలాంటివి ఉంటాయి. పొడవాటి తాడు పట్టి గుండ్రంగా తిప్పండి. ఎడమకు తిప్పితే ఎడమ కాలి మీద, కుడికి తిప్పితే కుడి కాలి మీద కుంటు బయటపడుతుంది. గట్టి నేల మీద ఎక్కువ కుంటి, మెత్తని నేల మీద తక్కువ కుంటితే గిట్టలో నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. మెత్తటి ఇసుకలో ఎక్కువైతే కాలి వెనక నరాల మీద (కండను ఎముకకు కట్టే తాళ్ళు, టెండన్లు అంటాం) అనుమానం పెట్టుకోవాలి.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి. డాక్టరుకు పంపేటప్పుడు కుంటు ఎంత ఉందో కూడా చెప్పండి. మేము 0 నుంచి 5 దాకా లెక్క వేస్తాం. 0 అంటే ఏ కుంటూ లేదు. 1, 2 అంటే కష్టం మీద కనిపిస్తుంది. 3 అంటే ట్రాట్‌లో ప్రతిసారీ కనిపిస్తుంది. 4 అంటే నడకలోనే తెలిసిపోతుంది. 5 అంటే కాలు నేలకు ఆనించట్లేదు. "నిన్న 2 లా ఉంది, ఇవాళ 4" అని చెప్తే నాకు సగం సంగతి అర్థమవుతుంది.

గిట్టలో చీము

నిన్నటిదాకా బాగుండి, పొద్దున లేచేసరికి కాలు నేలకు పెట్టలేకపోతోందా? ఎముక విరిగిందని అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది. విరిగి ఉండొచ్చు కూడా. కానీ గిట్ట వేడిగా ఉండి, ఇందాక చెప్పిన నాడి గట్టిగా కొట్టుకుంటూ, పైన ఎక్కడా వాపూ వంకరా లేకపోతే మొదట అనుమానించాల్సింది గిట్టలో చీము. గోటి కింద చీము పడితే మనకెలా ఉంటుందో ఇదీ అంతే. గిట్ట గట్టిది, సాగదు. లోపల పట్టిన చీముకు పోయే దారి ఉండదు.

ఒక తెల్లటి బరాత్ గుర్రం సంగతి చెప్తాను. ఎడమ ముందుకాలు. జబ్బ అనుకుని వారం పైగా మర్దన చేశారు. నేను వెళ్ళేసరికి మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. నాడి వేలికి తన్నుతోంది. గిట్టను పట్టుకారు లాంటి హూఫ్ టెస్టర్‌తో అంచు పొడవునా కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ వచ్చాను. ముని దాటేదాకా ఊరుకుంది. బయటి వైపు మూడో మేకు దగ్గర నొక్కగానే కాలు లాక్కుంది. పక్కకు జరిగి మళ్ళీ అక్కడికే వచ్చి నొక్కితే మళ్ళీ లాక్కుంది. లాడం విప్పించాను. ఒక్కో మేకూ విడిగా లాగితే ఆ మూడో మేకు తడిగా, నల్లగా వచ్చింది. కత్తితో ఆ మేకు కంతను కొంచెం వెడల్పు చేయగానే బూడిద రంగు చీము చిమ్మింది, భరించలేనంత వాసన. మర్నాటికి కాలు ఆనించింది.

చీముకు దారి చేయడమే అసలు వైద్యం. ఆ కంత చిన్నదిగా, సరిగ్గా ఉన్నచోటే ఉండాలి. అడుగంతా చెక్కేస్తే చీము పోయినా గుర్రం నెలల తరబడి నడవలేదు. అందుకే కత్తి పని డాక్టరుకో, లాడాలు కొట్టే అనుభవం ఉన్న నాల్‌బంద్‌కో వదిలేయండి. మీ పని తర్వాతది. గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ కలిపి గిట్టను ఓ 15, 20 నిమిషాలు ముంచండి. ఇదే మెగ్నీషియం సల్ఫేట్. తర్వాత తుడిచి దూది పెట్టి, చిన్నపిల్లల డైపరు ఒకటి గిట్టకు తొడిగి, పైన గట్టి టేపు చుట్టండి. డైపరు గిట్టకు అతికినట్టు సరిపోతుంది, చీమును పీల్చుకుంటుంది. రోజూ మార్చాలి. కట్టు వేసిన కాలితో పేడలో, ఉచ్చలో నిలబెట్టకూడదు. చీము రావడం ఆగి, కంత ఎండాకే లాడం. దారి దొరికిన చీముకు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చాలాసార్లు అక్కర్లేదు. ధనుర్వాతం టీకా మాత్రం తప్పనిసరి. ధనుర్వాతం గుర్రాలకు వచ్చినంత తేలిగ్గా ఇంకే పెంపుడు జంతువుకూ రాదు. వస్తే బతకడం కష్టం. మొదట నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించుకుంటూ ఉండండి.

గిట్టలో మేకు దిగి కనిపిస్తే వెంటనే పీకేయాలనిపిస్తుంది. ఆగండి. అది ఫ్రాగ్ మధ్యలో దిగి ఉంటే లోపలి కీలు దాకా, నరం దాకా వెళ్ళి ఉండొచ్చు. మేకు ఉండగానే ఎక్స్‌రే తీస్తే ఎంత లోతు పోయిందో, ఎటు పోయిందో కచ్చితంగా తెలుస్తుంది. మేకుకు రెండు వైపులా చెక్క ముక్కలు కట్టి, గుర్రం అడుగు వేసినా మేకు ఇంకా లోపలికి పోకుండా చేసి డాక్టరుకు ఫోన్ చేయండి. తప్పక పీకాల్సి వస్తే ముందు ఫోటో తీసి, దిగిన చోట పెన్నుతో గుండ్రంగా గీసి, మేకును పారేయకుండా దాచండి. రబ్బరులా ఉండే ఆ భాగం, మేకు పీకిన క్షణంలోనే మూసుకుపోతుంది. తర్వాత వెతికితే కంత దొరకదు.

లాడం కొట్టించిన మూడు నాలుగు రోజుల్లో కుంటు మొదలైతే, మేకు లోపలి పచ్చి భాగానికి దగ్గరగా పోయిందేమో చూడమని నాల్‌బంద్‌నే పిలవండి. దాని గురించి అతని మీద అరవొద్దు. అరిస్తే తర్వాతిసారి దాస్తాడు, నష్టం గుర్రానికి.

వెనక్కి వాలి నిలబడే గుర్రం

ఇది అన్నిటికంటే భయపడాల్సింది. ముందు గిట్టలు రెండూ ముందుకు చాపి, బరువంతా మడమల మీద, వెనక కాళ్ళ మీద వేసుకుని నిలబడుతుంది. తిప్పబోతే తిరగదు. నాలుగింట్లో ముందు రెండు గిట్టలకు నాడి గట్టిగా కొట్టుకుంటుంది. దీన్ని లామినైటిస్ అంటాం. గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య పట్టు ఊడిపోవడం. పట్టు ఊడితే ఎముక లోపల తిరిగిపోతుంది, కిందికి దిగిపోతుంది. అంతదాకా వచ్చాక వెనక్కి తేవడం చాలా కష్టం.

మన దగ్గర నేను చూసేవాటిలో ఎక్కువగా తిండి వల్ల వచ్చేవే. తాడు తెంపుకుని ఉలవల బస్తా మీద పడ్డ గుర్రం. పెళ్ళి వాళ్ళు ముచ్చటపడి లడ్డూలు, బెల్లం, మిగిలిన అన్నం పెట్టిన గుర్రం. ఈనిన గుర్రానికి మాయ మూడు గంటల్లో పడకపోయినా ఇదే ముప్పు ఉంది, కాబట్టి నాలుగో గంట దాకా చూడొద్దు. ఒక కాలు విరిగి మిగతా కాలి మీదే రోజుల తరబడి నిలబడినా ఆ బాగున్న కాలికి వస్తుంది.

ధాన్యం ఎక్కువ తిన్నదని తెలిసిన నిమిషమే, కుంటు మొదలవకముందే, ముందుకాళ్ళు రెండూ మోకాళ్ళ కింద దాకా ఐసు నీళ్ళలో పెట్టండి. చేపల మార్కెట్‌లో ఐసు దొరుకుతుంది, పెద్ద ప్లాస్టిక్ టబ్బులు చాలు. ఐసు కరిగేకొద్దీ వేస్తూ రెండు మూడు రోజులు ఆపకుండా పెట్టాలి. కాసేపు పెట్టి తీసేస్తే ఉపయోగం లేదు. దాణా పూర్తిగా బంద్. ఎండుగడ్డి, నీళ్ళు. కింద ఒక అడుగు మందాన ఇసుక. డాక్టరు రావడం ఆలస్యం కాకూడదు. "నడిపిస్తే కాళ్ళు సాఫీ అవుతాయి" అని పెద్ద సాయీసులు చెప్తారు. వాళ్ళ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. ఈ ఒక్క విషయంలో మాత్రం వినకండి. ఊడుతున్న పట్టు మీద నడిపించడమంటే ఊడగొట్టడమే.

కాలి వెనక నరం

మోకాలికీ ఫెట్‌లాక్‌కూ మధ్య వెనక పక్క తాడులా ఉండే నరం. అది ఉబ్బి విల్లులా బయటికి వంగి కనిపిస్తే నరం చిరిగినట్టు. రేసు గుర్రాల్లో ఎక్కువ. విశాఖ బీచ్‌లో లోతైన ఇసుకలో పరుగెత్తించే గుర్రాలకూ ఈ భారం ఉంటుంది. కాలు ఎత్తి పట్టుకుని, బరువు లేనప్పుడు నరాన్ని రెండు వేళ్ళ మధ్య పై నుంచి కింద దాకా నొక్కి చూడండి, రెండో కాలితో పోల్చండి.

మొదటి రెండు రోజులు రోజుకు మూడు సార్లు, ప్రతిసారీ 20 నిమిషాలు పైపుతో చల్లటి నీళ్ళు. మధ్యలో దూది సమంగా పరిచి కట్టు. కట్టు ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటే ఆ కట్టే నరాన్ని దెబ్బతీస్తుంది. వారం తర్వాత అల్ట్రాసౌండ్ తీయిస్తే ఎంత చిరిగిందో తెలుస్తుంది. అసలు పరీక్ష మన ఓపికకు. వాపు, నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. నరం అతుక్కోడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. నొప్పి పోయింది కదా అని పరుగెత్తిస్తే మళ్ళీ చిరుగుతుంది, ఈసారి ఇంకా ఎక్కువ.

వాతలు పెట్టించడం, జిల్లేడు పాలు రాయడం ఇంకా జరుగుతున్నాయి. వాతలు పెట్టాక గుర్రానికి బాగైందని చెప్పే ప్రతి కథలోనూ, వాతల పుండ్లు మానేదాకా గుర్రానికి నెలల విశ్రాంతి దొరికింది. పని చేసింది ఆ విశ్రాంతే. విశ్రాంతి ఇవ్వండి, చర్మం కాల్చొద్దు.

వెనక కాలి లోపలి వైపు గడ్డలు వరసగా లేచి, పగిలి, జిగటగా కారుతూ కాలు వాచి ఉంటే అది నరం సంగతి కాకపోవచ్చు. గ్లాండర్స్ అనే అంటువ్యాధి అలా కూడా కనిపిస్తుంది. మనుషులకు అంటుతుంది, ప్రాణాంతకం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, మిగతా గుర్రాల నుంచి వేరు చేసి ప్రభుత్వ పశువైద్యశాలకు వెంటనే చెప్పండి. చట్టప్రకారం చెప్పి తీరాల్సిన జబ్బు ఇది. రక్త పరీక్షలకు హిస్సార్‌లోని జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం ఉంది.

ఇవాళ ఈ కాలు, రేపు ఆ కాలు

కొన్ని గుర్రాలు ఒకరోజు ఒక కాలు, వారం తర్వాత ఇంకో కాలు కుంటుతాయి. గిట్టలో ఏమీ దొరకదు. అప్పుడు నేను తొట్టిలోకి చూస్తాను. చాలాసార్లు తొట్టి నిండా తవుడు ఉంటుంది. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రక్తంలో కాల్షియం నిలబెట్టుకోడానికి శరీరం ఎముకల్లోంచి లాగుతుంది. ఎముకలు బోలుగా అవుతాయి, ముదిరితే ముఖం ఎముకలు రెండు పక్కలా ఉబ్బుతాయి. ఇప్పుడు అందరూ వేస్తున్న సూపర్ నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి గడ్డిలో ఉన్న కాల్షియాన్ని కూడా గుర్రానికి అందకుండా పట్టేసుకుంటాయి. బర్రెలకు అంత ఇబ్బంది ఉండదు, వాటి పొట్టలో ఆక్సలేటు విరిగిపోతుంది. గుర్రానికి ఆ సౌకర్యం లేదు.

తవుడు బాగా తగ్గించండి. నేపియర్ ఒక్కటే కాకుండా వేరే గడ్డి కలపండి, లూసర్న్ రోజూ కొంత పెట్టండి. సున్నపురాయి పొడి ఎంత కలపాలో డాక్టరును అడిగి కలపండి. తవుడు చవక, గుర్రం ఇష్టంగా తింటుంది, నిజమే. కానీ మొత్తం మేతలో భాస్వరం కంటే కాల్షియం ఎక్కువ ఉండాలన్న ఒక్క లెక్క పాటిస్తే ఈ జబ్బు రాదు.

ఇంజెక్షన్ గురించి

ఇది కోపంగానే రాస్తున్నాను. సాయంత్రం బరాత్ ఉంది, గుర్రం కుంటుతోంది, మధ్యాహ్నం ఒక నొప్పి ఇంజెక్షన్ పొడిచి రాత్రికి రోడ్డెక్కిస్తారు. నొప్పి అనేది ఆ కాలును వాడొద్దని గుర్రానికి శరీరం చెప్పే మాట. ఆ మాట నొక్కేసి, మీద పెళ్ళికొడుకును ఎక్కించి, బ్యాండు మేళం ముందు గంటల తరబడి ఆడిస్తే చిన్న పగులు పెద్దదై ఎముకే విరుగుతుంది. పైన కూర్చున్న మనిషికీ ప్రమాదమే.

డాక్టరు చూడకముందు ఇంజెక్షన్ ఇస్తే నాకు కూడా ఏ కాలో తెలియదు. ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు మంచిదే, కానీ కండకు పొడిస్తే కండ కుళ్ళిపోతుంది. ఎక్కువ రోజులు ఇస్తే కడుపులో పుండ్లు, ఎండాకాలం నీళ్ళు సరిగా తాగని గుర్రానికి మూత్రపిండాల దెబ్బ. రెండు రకాల నొప్పి మందులు కలిపి ఎప్పుడూ ఇవ్వొద్దు. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను రాబందుల చావుల వల్ల 2006లోనే ప్రభుత్వం ఆపింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువైద్యంలో నిషేధించింది. మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు కదా అని తెచ్చుకోకండి.

రాకుండా ఉండాలంటే

గిట్ట గోడ నెలకు సుమారు ఒక సెంటీమీటరు లోపే పెరుగుతుంది. ఆ పెరుగుదలను అయిదారు వారాలకోసారి కోయించి లాడం మార్చాలి, లాడం అరగకపోయినా సరే. ముని పొడవుగా, మడమ పొట్టిగా వదిలేస్తే వెనక నరం మీద లాగుడు పెరుగుతుంది. లాడాన్ని గిట్టకు సరిపోయేలా చేయాలి. గిట్టను లాడానికి సరిపోయేలా అరగదీస్తుంటే ఆపించండి. కోసేటప్పుడు ఫ్రాగ్‌ను అందంగా చెక్కేసే అలవాటు కూడా వద్దు.

శ్రావణం పెళ్ళిళ్ళు వానల్లో వస్తాయి. తడి, ఉచ్చ కలిసిన నేల మీద నిలబడితే ఫ్రాగ్ గాడులు నల్లగా కుళ్ళి వాసన వేస్తాయి. గీకి, కడిగి, ఆరబెట్టి, పావిడోన్ అయోడిన్ పోయండి. మైలుతుత్తం పొడి కొంచెం దూదికి అద్ది గాడిలో కుక్కొచ్చు, పచ్చి పుండు మీద మాత్రం పడనీయొద్దు. గిట్టలకు పాత ఇంజన్ ఆయిల్ పూయడం మానేయండి. నేల పొడిగా ఉంటే ఏ నూనే అక్కర్లేదు.

పాడేరు వైపు కొండదారుల్లో సరుకులు మోసే పొట్టి గుర్రాలకు రాళ్ళు నొక్కి అడుగు కమలడం మామూలే. అలాంటప్పుడు బరువు దించి, కమిలిన నొప్పి పోయేదాకా ఖాళీగా ఉంచడమే మందు.

రాత్రయినా సరే డాక్టరును లేపాల్సిన సందర్భాలు చెప్తాను. కాలు అసలు ఆనించకపోవడం, కాలు వంకర తిరగడం, ఫ్రాగ్‌లో మేకు, వెనక్కి వాలి నిలబడడం, కీలు దగ్గర గాయంలోంచి పసుపు రంగు నూనె లాంటి జిగురు కారడం. ఆఖరిది చూడడానికి చిన్న గాయమే, కానీ కీలులోకి చీము చేరితే గంటల్లో పరిస్థితి చేజారుతుంది. ఎముక విరిగిందనిపిస్తే గుర్రాన్ని ఉన్నచోటే నిలిపి ఉంచండి, వ్యాను ఎక్కించే తొందర వద్దు.

నయమైన గుర్రాన్ని మళ్ళీ పనిలో పెట్టేటప్పుడు ముందు చేత్తో పట్టుకుని నడక, పది నిమిషాలతో మొదలు. వారం వారం అయిదేసి నిమిషాలు పెంచండి. అరగంట నడక బాగా సాగాక గట్టి నేల మీద ఒకసారి తిన్నగా ట్రాట్ చేయించి చూడండి. తల ఊగకపోతే జీను వేయొచ్చు. ఊగితే జీను పక్కన పెట్టి, నాడి చూసి, మళ్ళీ గిట్ట ఎత్తండి.